ఆలస్యంగా పూచే చెట్టు: ముక్త్యాల మెట్టలో ఆకాశమల్లె

కృష్ణానది ఉత్తరపు ఒడ్డున ముక్త్యాల ఉన్నది. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాలను పాతకాలపు రెవిన్యూ కాగితాలలో కృష్ణాజిల్లా మెట్ట అని వ్రాసేవారు. 2022 ఏప్రిల్ నుండి ఇవి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. జిల్లా పేరు మారినా నేల స్వభావం మారదు. సున్నపురాయి మీద పలచగా పరచుకొన్న మట్టి, అక్కడక్కడ నల్లరేగడి, వేసవిలో నిప్పులు చెరిగే ఎండ. ఇటువంటి చోట పండ్లచెట్టును బ్రతికించుకోవడమే కష్టం. మరి కాయ కాయని, పండు ఇవ్వని, నాటిన ఏడెనిమిదేళ్ళకు గాని పువ్వు చూపని చెట్టును ఎవరైనా పెరట్లో ఎందుకు నాటుతారు?

ఈ ప్రశ్న నాది కాదు. మా ఇంట్లోనే పుట్టింది. 1996 వానాకాలంలో మా దాదా ఎక్కడినుండో ఒక పిలక తెచ్చి పెరటి గోడకు దూరంగా నాటాడు. అది ఆకాశమల్లె. రెండేళ్ళలో ఇంటి చూరు దాటింది, నాలుగేళ్ళకు మిద్దెను మించింది, కాని పూయలేదు. "గొడ్డుచెట్టు అబ్బా, కొట్టేసి మామిడి పెడదాం" అని మా చచ్చా ఏటేటా అనేవాడు. "ఇంకో ఏడు చూద్దాంరా" అని దాదా ఏటేటా అనేవాడు. ఆ మాట మీదనే చెట్టు బ్రతికింది. 2003లో అక్టోబరు చివరివారంలో రమజాను మొదలైంది. ఆ నెలలోనే ఒక సహరీ వేళ దాదా వాకిట్లోకి వచ్చి నిలబడిపోయాడు. అప్పటికి ఆయన కళ్ళకు పొర కమ్మి చూపు దాదాపు పోయింది. తెల్లని పూలు నేలంతా పరచుకొని ఉన్నాయని మేము చెప్పనక్కరలేకపోయింది. వాసన చెప్పింది.

చచ్చా అడిగిన ప్రశ్న మొరటుదే గాని న్యాయమైనది. దానికి ఇంట్లో ఎవ్వరూ జవాబు చెప్పలేదు. పువ్వు పూచింది గనుక ఊరుకున్నారు. ఈ చెట్టు చరిత్ర, ఈ నేల చరిత్ర, తోటల పెంపకంలో ముస్లింల చరిత్ర దగ్గర పెట్టుకొని ఆ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

పేరును నమ్మరాదు

ఆకాశమల్లెను ఉర్దూలో నీమ్ చమేలీ అంటారు. ఆకు చూస్తే వేపను పోలి ఉంటుంది, పువ్వు చూస్తే జాజిని పోలి ఉంటుంది. నిజానికిది వేపా కాదు, జాజీ కాదు, మల్లె అంతకన్నా కాదు. ఆకాశమంత ఎత్తున మల్లె పూచినట్లుంటుందని తెలుగువారు ఆ పేరు పెట్టుకున్నారు. తెలియని దానికి తెలిసిన దాని పేరు పెట్టడం జనానికి ఎప్పుడూ ఉన్న అలవాటు. ఈ చెట్టు అసలు ఊరు బర్మా, సయాం వైపు అడవులు. మన దేశంలో ఇది తోటలలోను, వీధుల వెంబడిని మనుషులు నాటగా పెరిగింది.

పేరు చూచి చెట్టు వయస్సును, వంశాన్ని లెక్కకట్టడం పొరపాటని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ గుల్‌మొహర్. ఆ పేరులో ఫారసీ ధ్వని ఉన్నది గనుక అది మొగలుల తోటలలో పూచిన చెట్టని మనలో చాలామంది అనుకొంటారు. చారిత్రక నవలలు వ్రాసేవారు షాజహాను తోటలో కూడ గుల్‌మొహర్ పూయిస్తారు. కాని ఆ చెట్టు జన్మస్థలం మడగాస్కర్ ద్వీపం. పందొమ్మిదో శతాబ్దపు మొదటి భాగంలో బోయర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానిని అక్కడ చూచాడు. 1829లో గాని దానికి శాస్త్రీయంగా పేరు రాలేదు. షాజహాను మరణించింది 1666లో. మనం దేవగన్నేరు అని పిలిచే చెట్టు, కాగితంపూల తీగ అమెరికా ఖండాల నుండి వచ్చినవి. మన పూర్వుల గొప్పను చెప్పుకోవడానికి లేని చెట్టును వారి తోటలో నాటనక్కరలేదు. వారు నిజంగా నాటినవే చాలు.

తోట అనే భావన

స్వర్గానికి దివ్య ఖుర్ఆన్ వాడిన 'జన్నత్' అనే మాటకు అర్థం తోట. ఆ మాట పుట్టిన ధాతువుకు కప్పివేయడం, మరుగుపరచడం అని అర్థం; చెట్ల నీడ నేలను కప్పివేసిన చోటు తోట. నీరు, పాలు, మద్యం, తేనె ప్రవహించే కాలువల వర్ణన ముహమ్మద్ సూరాలో వస్తుంది. తోటను నీటి కాలువలతో నాలుగు భాగాలుగా చీల్చే చహార్ బాగ్ పద్ధతి ఇస్లాముకు పూర్వమే ఇరాన్‌లో ఉన్నదైనా, ముస్లిం శిల్పులు దానిని స్పెయిన్ నుండి దక్కను వరకు తీసుకుపోయినప్పుడు ఈ వర్ణన వారి మనస్సులో ఉండకపోదు.

తోటపని ముస్లిం పండితులకు కేవలం విలాసం కాదు, విద్య. తొమ్మిదో శతాబ్దంలో అబూ హనీఫా దీనవరీ మొక్కలను గురించి పెద్ద గ్రంథం వ్రాశాడు. పదకొండో శతాబ్దంలో ఇబ్న్ బస్సాల్ తొలెదోలో, తరువాత సెవిల్లేలో రాజుల తోటలు పెంచి, తన చేతితో చేసి చూచిన సంగతులనే గ్రంథస్థం చేశాడు. పన్నెండో శతాబ్దంలో సెవిల్లేకు చెందిన ఇబ్నుల్ అవ్వామ్ వ్రాసిన కితాబుల్ ఫిలాహాలో ఐదు వందలకు పైగా మొక్కల ప్రస్తావన ఉన్నది. 1348లో అల్మేరియాకు చెందిన ఇబ్న్ లుయూన్ ఇంటి తోటను ఎలా అమర్చుకోవాలో చెప్పాడు. ఇల్లు ఎత్తుమీద ఉండాలట. నీటి దగ్గర పచ్చగా ఉండే చెట్లు, నడిచే దారిమీద నీడ, పెద్దచెట్లు అంచున ఉండాలట. మా దాదా ఇబ్న్ లుయూన్ పేరు విని ఉండడు. అయినా పెద్దచెట్టును గోడకు దూరంగా, పెరటి అంచున నాటాడు. అనుభవం ఎక్కడైనా ఒక్కటే నేర్పుతుంది.

గోల్కొండ తోటలు, బందరు బాట

దక్కనులో ఈ విద్య బహమనీల కాలంలోనే వేళ్ళూనింది. మన మెట్టసీమ పదహారో శతాబ్దంలో కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చి కొండపల్లి సర్కారులో చేరింది. ఆ సర్కారునే ముస్తఫానగర్ అని కూడ అన్నారు. 1591లో ముహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాదు నగరాన్ని నిర్మించాడు. ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఆ నగరాన్ని బాగ్‌నగర్ అని వ్రాశాడు. అది భాగమతి పేరు కాదనీ, బాగుల నగరమనే అర్థమనీ చరిత్రకారుడు హెచ్.కె. షేర్వాణీ వాదించారు. నగరం పేరును గురించి వాదం ఉన్నా తోటలను గురించి వాదం లేదు. రాజప్రాసాదాల మిద్దెల మీద తోటలు ఉండేవనీ, అక్కడి చెట్లు ఎంత పెద్దవంటే వాటి బరువును కమానులు ఎలా మోస్తున్నాయో అని ఆశ్చర్యం కలుగుతుందనీ తావెర్నియే వ్రాశాడు. ముహమ్మద్ కులీ తన దక్కనీ కవిత్వంలో తోటలకు, పూలకు, ఋతువులకు పెద్దపీట వేశాడు. దక్కనీ ఉర్దూ సాహిత్యంలో తోటల పరిమళాలను గురించి అలీ అక్బర్ హుసేన్ 2000లో ఒక పరిశోధన గ్రంథమే ప్రచురించారు.

ఈ తావెర్నియేకు మన ప్రాంతంతో కూడ సంబంధం ఉన్నది. ముక్త్యాలకు ఎగువన, కృష్ణ దక్షిణపు ఒడ్డున కొల్లూరు వజ్రాల గని ఉండేది. తావెర్నియే అక్కడికి వచ్చి, అరవై వేల మంది పనిచేస్తున్నారని వ్రాశాడు. ఆ గని చోటు నేడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నది. గోల్కొండ వైభవానికి రాళ్ళు ఇచ్చిన నేల ఇది. ఆ రాళ్ళ సొమ్ముతో పెరిగిన తోటలు మాత్రం గోల్కొండలో పెరిగాయి. చెట్టుకు నీరు కావాలి. మెట్టలో నీరు లేదు.

అయితే దారి ఉండేది. గోల్కొండ రాజ్యానికి సముద్రద్వారం మచిలీపట్నం. ఆ రేవు నుండి ఓడలు అటు బందరు అబ్బాసుకు, మోఖాకు, ఇటు ఆషేకు, పెగూకు, తెనసెరీముకు పోయివచ్చేవి. పెగూ, తెనసెరీము బర్మా సీమలోవి, అంటే ఆకాశమల్లె పుట్టిన వైపువి. ఇరాన్ నుండి వచ్చిన వర్తకులు, అరబ్బులు, కోమట్లు, డచ్చివారు, ఇంగ్లీషువారు అందరూ ఆ రేవులో ఉండేవారు. సరకు బందరు నుండి బెజవాడ మీదుగా ఈ మెట్టను దాటి గోల్కొండ చేరేది. ఇప్పటి హైదరాబాదు–మచిలీపట్నం రహదారి కూడ నందిగామ, చిల్లకల్లుల మీదుగానే పోతుంది. ఆకాశమల్లె ఈ దారినే వచ్చిందని నేను అనను. చెట్లు ప్రయాణం చేసే దారి మనుషులు ప్రయాణం చేసే దారేనని మాత్రం అంటాను. గోల్కొండ నయాఖిలాలో సుమారు ఇరవై ఏడు మీటర్ల చుట్టుకొలత గల హాథియాఁ ఝాడ్ నేటికీ నిలిచి ఉన్నది. అది ఆఫ్రికా ఖండపు చెట్టు. అరబ్బు వర్తకులు తెచ్చారని జనశ్రుతి. చెట్టు ఏ ఓడ దిగిందో మరచిపోయినా చెట్టు మిగిలింది.

సామర్లకోట వైద్యుడు

ఆకాశమల్లె 1782 నాటికే మన దేశపు తోటలలో ఉన్నదని చెప్పడానికి దాని శాస్త్రీయ నామమే సాక్ష్యం. లిన్నేయసు కుమారుడు దానికి మిల్లింగ్టోనియా హార్టెన్సిస్ అని పేరు పెట్టాడు. మొదటి మాట సర్ థామస్ మిల్లింగ్టన్ అనే ఇంగ్లీషు వైద్యుని పేరు. పువ్వులలో స్త్రీపురుష భేదాన్ని గుర్తించినవారిలో ఆయనను చెప్తారు. రెండవ మాటకు 'తోటలోనిది' అని అర్థం. పేరు పెట్టిన నాటికే అది తోటచెట్టు.

తీరాంధ్రపు చెట్లను శ్రద్ధగా పరిశీలించి బొమ్మలు వేయించిన పాశ్చాత్యుడు విలియం రాక్స్‌బర్గు. ఆయన ఈస్టిండియా కంపెనీ వైద్యుడు. 1781 నుండి 1793 వరకు సామర్లకోటలో ఉండి తోట పెంచాడు. మన చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించి, వాటి తెలుగు పేర్లు అడిగి వ్రాసుకున్నాడు. 1787లో వచ్చిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు కొట్టుకుపోగా మళ్ళీ మొదటినుండి ప్రారంభించాడు. కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన ఆయన గ్రంథం మూడు సంపుటాలుగా, మూడు వందల చిత్రపటాలతో 1795 నుండి 1820 వరకు వెలువడింది. మూడవ సంపుటంలో ఆకాశమల్లె ఉన్నది. దాని బెరడు బెండువలె మెత్తగా ఉంటుంది గనుక ఆయన ఆ గుణాన్నే పేరుగా పెట్టాడు. ఆ సంపుటం పూర్తి అయ్యేనాటికి రాక్స్‌బర్గు బ్రతికి లేడు, 1815లోనే మరణించాడు. ఆయన పని కూడ ఆలస్యంగా పూచినదే.

కరువు నేలలో పూలచెట్టు

ఇక చచ్చా ప్రశ్నకు వద్దాం. రాక్స్‌బర్గు ఉన్న కాలంలోనే, 1789 మొదలు 1792 వరకు, ఉత్తర సర్కారులలో ఘోరమైన కరువు వచ్చింది. దానిని కళ్ళారా చూచిన ఆ వైద్యుడు కాలువగట్ల మీద, దారుల వెంబడి కొబ్బరి, సగ్గు, ఈత, అరటి, పనస జాతి చెట్లు నాటించమని కంపెనీకి వ్రాశాడు. వాన మొగం చాటేసిన ఏడు కూడ చెట్టు ఏదో ఒకటి ఇస్తుందని ఆయన ఆలోచన. ఆయన నాటమన్న జాబితాలో పూలచెట్టు లేదు. ఆకలి ముందు పువ్వుకు స్థానమెక్కడిది?

ఆ తరువాత 1832–33లో గుంటూరు కరువు వచ్చింది. ఒక్క గుంటూరు జిల్లాలో ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. కృష్ణకు ఆ ఒడ్డున అదీ పరిస్థితి. ఈ ఒడ్డు కూడ తప్పించుకోలేదు. ఆ భయంకరమైన పాఠమే బెజవాడ వద్ద ఆనకట్టకు దారితీసింది. 1852లో మొదలై 1855లో పూర్తి అయింది. కాని ఆనకట్ట నీరు పల్లానికి పోయింది. డెల్టా పచ్చబడింది, మెట్ట మెట్టగానే ఉండిపోయింది. ముక్త్యాల వాకిట్లోనే కృష్ణ పారుతున్నా ఆ నీరు గట్టెక్కి చేలల్లోకి రాలేదు.

ఈ సీమ జమీందారులు వాసిరెడ్డివారు. వారిలో ప్రసిద్ధుడైన వేంకటాద్రినాయుడు అమరావతిని రాజధానిగా చేసుకొన్నాడు. బేతవోలుకు తన తండ్రి జగ్గన్న పేరు మీద జగ్గయ్యపేట అని పేరు పెట్టాడు. ఆ వంశానికే చెందిన ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నాగార్జునసాగర్ నిర్మాణం కోసం పట్టుబట్టి చేసిన కృషి ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. పల్లానికి 1855లో వచ్చిన నీరు మెట్టకు రావడానికి ఇంకొక నూట పన్నెండేళ్ళు పట్టింది. ఎడమ కాలువ నీరు పారిన తరువాతనే ఇక్కడి బావులలో ఊట పెరిగింది. బొక్కెనతో నీరు తోడి మిరపనారు బ్రతికించుకొనే ఇంట్లో పూలచెట్టుకు ఒక కడవ పోయడం పాపమనిపిస్తుంది. మా దాదా 1996లో ఆకాశమల్లె నాటగలిగాడంటే, ఆయన వెనుక ఈ నీటి చరిత్ర అంతా ఉన్నది. ఆయన తండ్రికి ఆ అవకాశం లేదు.

అందుచేత చచ్చా మాటను తేలికగా కొట్టివేయరాదు. అది కరువు నేర్పిన మాట. ఫలించే చెట్టు నాటితే మనిషిగాని, పక్షిగాని, పశువుగాని దానిలో తిన్నదంతా నాటినవానికి సదఖాగా లెక్కకు వస్తుందని బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని హదీసు భావం. అక్కడ కూడ తిండి ప్రస్తావనే ఉన్నది. పూలచెట్టు ఏ లెక్కలోకి వస్తుంది?

నాకు తోచిన సమాధానం ఇది. ఎవరైనా సుగంధపు రెమ్మ ఇస్తే కాదనవద్దనీ, అది మోయడానికి తేలిక, వాసనకు ఇంపు అనీ దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసులో ఉన్నది. పరిమళం కూడ ఒక కానుకే. పుచ్చుకొనేవానికి భారం కాని కానుక. ఆకాశమల్లె పూలు రాత్రి విచ్చుకొంటాయి. చీకట్లో తిరిగే పొడుగుముక్కు చిలుకపురుగులు వాటి తేనె త్రాగుతాయి. తెల్లవారుజామున రాలిన పూలను గోడ అవతల పిల్లలు ఏరుకొంటారు. పొడుగైన కాడలు గనుక సూదీ దారమూ లేకుండ జడలాగ అల్లుకొంటారు. నమాజుకు పోయేవాడు, పనికి పోయేవాడు ఒక్క క్షణం నిలబడతాడు. తిండి కడుపుకు మాత్రమే కాదు. అయినా వరుస తప్పరాదు. ముందు నీడ, పండు. వాటికి నీరు చాలిన తరువాత పువ్వు. దాదా పెరట్లో అంతకుముందే ఒక జామ, ఒక నిమ్మ, ఒక మునగ ఉన్నాయి. చచ్చా ఆ సంగతి మరచిపోయాడు.

మూడు పంచాంగాలు

ఈ చెట్టు మా ప్రాంతంలో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు నిండుగా పూస్తుంది. తక్కిన చెట్లు పూచి, కాచి ముగిసిన తరువాత, వానలు వెనుకబట్టి మంచు మొదలయ్యే వేళ దీని వంతు. తెలుగు లెక్కన అది కార్తికం, మార్గశిరం. హిజ్రీ లెక్కన ఏ నెల? దీనికి ఒక్క జవాబు లేదు. చాంద్రమాన సంవత్సరం సూర్యమానం కంటె సుమారు పదకొండు రోజులు తక్కువ. కాబట్టి చెట్టు సూర్యుణ్ణి నమ్ముకొని అదే కాలానికి పూస్తుండగా హిజ్రీ నెలలు దాని క్రింద నుండి ఒకటొకటిగా జరిగిపోతుంటాయి. ముప్పై రెండు సూర్యసంవత్సరాలకు ముప్పై మూడు చాంద్ర సంవత్సరాలు గడిచి, నెలలు తిరిగి మొదటి చోటికి వస్తాయి.

ముస్లిం సమాజాలకు ఈ చిక్కు మొదటినుండి తెలుసు. ఆరాధనకు చంద్రుడు, సేద్యానికి సూర్యుడు. 961లో కొర్దోవాలో ఖలీఫా రెండవ హకముకు సమర్పించిన పంచాంగంలో ఏ నెలలో ఏ విత్తు చల్లాలో, ఏ పువ్వు కోయాలో సూర్యమానంలోనే వ్రాశారు. అక్బరు కాలంలో అబుల్ ఫజల్ ఆయినె అక్బరీలో సువాసన పూల పట్టిక ఇచ్చి, ఏ పువ్వు ఏ ఋతువులో పూస్తుందో వివరించాడు. మన పారిజాతం అందులో ఉన్నది. పన్ను వసూలుకు హిజ్రీ సంవత్సరం కుదరదని గ్రహించి అక్బరు ఫసలీ సంవత్సరాన్ని ప్రవేశపెట్టాడు. ఫసల్ అంటే పంట. దక్కనులో దానిని షాజహాను 1636లో తెచ్చాడు. ఆ ఏడు హిజ్రీ 1046; దానినే ఫసలీ 1046గా తీసుకొని, అక్కడినుండి సూర్యమానంలో లెక్కపెట్టారు. అందుకే క్రీస్తు శకంలో 590 తీసివేస్తే ఫసలీ వస్తుంది. తరువాత మద్రాసు రాజధానిలో ఫసలీ జూలై 1న మొదలయ్యేటట్లు చేశారు. జమాబందీ నాడు కరణం నోట ఫసలీ అనే మాట వినని తెలుగు రైతు లేడు. 1636లో ఒకే అంకెతో బయలుదేరిన హిజ్రీ, ఫసలీ సంవత్సరాలు ఏటా పదకొండు రోజుల చొప్పున విడిపోతూ వచ్చి, 2024 జూలై 1న ఫసలీ 1434 మొదలైన కొద్దిరోజులకే హిజ్రీ 1446 మొదలైంది. పన్నెండేళ్ళ ఎడం. ఒకటి పొలాన్ని చూచుకొన్నది, రెండవది ఆకాశాన్ని చూచుకొన్నది.

2003లో రమజాను అక్టోబరు చివరన మొదలైంది గనుక మా చెట్టు తొలిపూలు సహరీ వేళ రాలాయి. 2005 వరకు రమజానులో పూలు ఉన్నాయి. ఆ తరువాత రమజాను ముందుకు జరిగి వానల్లోకి, ఎండల్లోకి పోయింది. 2031 డిసెంబరు ప్రాంతంలో అది మళ్ళీ పూలకాలంలోకి వస్తుంది. 2035లో నవంబరు తొలిరోజుల్లో మొదలయ్యే రమజాను, 2003 నాటి చోటికి దాదాపుగా చేరుతుంది. ఆకాశమల్లె ఆయుర్దాయం సుమారు నలభై ఏళ్ళంటారు. 1996లో నాటిన చెట్టుకు అప్పటికి ముప్పై తొమ్మిదేళ్ళు. ఒక చెట్టుకు, ఒక మనిషి వయసు జీవితానికి ఆ కలయిక రెండుసార్లే. దాదా మొదటిదే వాసన చూచి వెళ్ళిపోయాడు. రెండవదానికి చెట్టు నిలుస్తుందో లేదో అల్లాహ్‌కే ఎరుక.

నాటే పద్ధతి

పెరట్లో పెంచదలచినవారికి అనుభవం మీద నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. ఆకాశమల్లె కాయ పొడుగుగా, పలచగా, కత్తిఒరలాగ ఉంటుంది. లోపలి గింజలకు రెక్కలుంటాయి. కాని మన తోటలలో ఇది కాయడం అరుదు; కాచినా గింజ త్వరగా మొలకశక్తి కోల్పోతుంది. కాబట్టి వేళ్ళనుండి లేచే పిలకనే తవ్వి నాటాలి. పిలకను తల్లివేరు ముక్కతో సహా తీయాలి. మృగశిర కార్తెలో వాన పడ్డాక నాటితే వేసవి నాటికి నిలదొక్కుకొంటుంది.

మన మెట్టలో రెండు మూడు అడుగులు తవ్వితే సున్నపురాయి తగులుతుంది. అందుచేత గుంత వెడల్పుగా తీసి, రాయి ఏరివేసి, చెరువుమట్టి, చివికిన పశువుల ఎరువు కలిపి నింపాలి. మొదటి రెండు వేసవులు మొదట్లో ఆకులు, చెత్త కప్పి నీరు పెట్టాలి. తరువాత దానంతటదే బ్రతుకుతుంది. మాఘ ఫాల్గుణాలలో ఆకు చాలా రాలుస్తుంది. ఎండిపోయిందని నరకరాదు.

ఈ చెట్టు నిటారుగా అరవై డెబ్బై అడుగుల వరకు పోతుంది గాని కర్ర పెళుసు. గాలివానకు కొమ్మలు విరుగుతాయి, ఒక్కొక్కప్పుడు చెట్టే కూలుతుంది. ఇంటికి, బావికి, కరెంటు తీగలకు దూరంగా నాటాలి. పిలకలు గోడల క్రింద లేవకుండ చూచుకోవాలి. ఎరువు ఎక్కువ వేసినా పువ్వు తొందరగా రాదు, ఆకు పెరుగుతుందంతే. ఆరు నుండి ఎనిమిదేళ్ళు ఆగక తప్పదు. ఆ ఏళ్ళలో ఇంట్లో ఎవరో ఒకరు గొడ్డలి మాట ఎత్తుతారు. అప్పుడు "ఇంకో ఏడు" అనగలిగినవాడే దీనిని పెంచగలడు.

ముస్నద్ అహ్మద్‌లో ఒక హదీసు ఉన్నది. ప్రళయ ఘడియ వచ్చిపడుతున్నా చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటివేయమని దాని భావం. అక్కడ మొక్క అనడానికి వాడిన అరబ్బీ మాట 'ఫసీల'. దాని అర్థం ఖర్జూరపు పిలక. తల్లిచెట్టు మొదట్లో లేచి, వేరుచేసి నాటితే ఏళ్ళకు గాని ఫలించనిది. సల్మాన్ ఫార్సీ (ర) బానిసత్వం నుండి విడుదల కావడానికి యజమాని అడిగినవాటిలో మూడు వందల ఖర్జూరపు మొక్కలు ఉన్నాయి. దైవప్రవక్త (స) స్వయంగా తన చేతులతో వాటిని నాటారు. ఒక మనిషి స్వేచ్ఛ అక్కడ పిలకలకు ముడిపడింది. ఆలస్యంగా ఫలించేదానిని నాటడం ఆ సమాజంలో ఎంత సహజమైన పనో ఈ రెండు ప్రస్తావనలే చెప్తాయి.

ఇటీవల మా చెట్టు మొదట్లో మూడు పిలకలు లేచాయి. ఒకదానిని ఊళ్ళో మసీదు ప్రాంగణంలో, గోడకు దూరంగా, ఉజూ నీరు పారే వైపు నాటాము. రెండవది పొరుగింటివారు అడిగి తీసుకుపోయారు. మూడవదానిని తవ్వి గోనెలో చుట్టి, తడిపి పెట్టినది మా చచ్చా. ఆయనకిప్పుడు డెబ్బై దాటాయి. "ఎవరికోసం?" అని అడిగితే, "జగ్గయ్యపేటలో మనవడు ఇల్లు కట్టుకొన్నాడు గదా, వాడి పెరట్లో జాగా ఉంది" అన్నాడు. పూచేది ఎప్పటికని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.